ఒకే చేతి మీద నిలిచిన ఖాతా: జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆదాయంపై ఒక కేస్ స్టడీ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2010 డిసెంబర్‌లో ఐఎంజీ-రిలయన్స్ సంస్థతో కుదుర్చుకున్న 15 ఏళ్ల వాణిజ్య హక్కుల ఒప్పందం 2025 డిసెంబర్ 8తో ముగిసింది. దాని మొత్తం విలువ రూ. 700 కోట్లు. గడువు ఇంకా ఐదు నెలలు ఉండగానే, 2025 జూలైలో, దేశంలోని అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఇండియన్ సూపర్ లీగ్‌ను నిలిపి ఉంచుతున్నట్టు దాని నిర్వాహక సంస్థ, రిలయన్స్ గ్రూపుకు చెందిన ఎఫ్‌ఎస్‌డీఎల్ (ఫుట్‌బాల్ స్పోర్ట్స్ డెవలప్‌మెంట్ లిమిటెడ్), క్లబ్బులకు తెలియజేసింది. ఆగస్టు వచ్చేసరికి బెంగళూరు ఎఫ్‌సీ ప్రధాన జట్టు ఆటగాళ్లకూ సిబ్బందికీ జీతాలు ఆపేసింది. ఒక ఒప్పందం గడువు దగ్గరపడితే దేశమంతటా ఆట ఆగే పరిస్థితి ఎందుకు వచ్చిందన్నది లెక్కల మనిషి అడగవలసిన ప్రశ్న.

నేను చార్టర్డ్ అకౌంటెంటుగా కోనసీమ, భీమవరం ప్రాంతాల్లోని సొసైటీల, విద్యాసంస్థల, క్రీడా సంఘాల ఖాతాలు చూస్తుంటాను. డెల్టాలోని ఒక ఫుట్‌బాల్ సంఘం కార్యవర్గం తమకు మూడేళ్ల ఆర్థిక ప్రణాళిక తయారు చేసిపెట్టమని అడిగింది. మొదటి సమావేశంలో కార్యదర్శిగారు సూటిగా విషయానికి వచ్చారు. "ఢిల్లీలో పెద్దవాళ్లకే డబ్బు ఆగిపోయిందంటున్నారు కదండీ, మన సంఘం ఎన్నాళ్లు నడుస్తుందంటారు?" అన్నారు. దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ పెద్ద ఖాతాను విప్పి చూడాలనిపించింది. ఈ వ్యాసం ఆ పరిశీలన ఫలితం. సంఘం పేరు, దాతల పేర్లు ఇందులో ఇవ్వడం లేదు. సమాఖ్యకు సంబంధించిన వివరాలన్నీ బహిరంగంగా ఉన్నవే.

రాబడి పద్దులు

సమాఖ్య 1937లో సిమ్లాలో ఏర్పడింది, 1948లో ఫిఫాలో చేరింది, 1954లో ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య వ్యవస్థాపక సభ్యుల్లో ఒకటిగా నిలిచింది. చట్టం దృష్టిలో అది కంపెనీ కాదు, మన ఊళ్లలో గ్రంథాలయ సంఘంలాగానే రిజిస్టరైన ఒక సొసైటీ. వాటాదారులు, మూలధనం ఉండవు కాబట్టి ఏ సంవత్సరం ఖర్చును ఆ సంవత్సరం రాబడే మోయాలి, లేకపోతే వెనకటి నిల్వ మోయాలి. ఈ ఒక్క విషయం గుర్తుంటే మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఏ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్యకైనా రాబడి దాదాపు ఇవే దారుల్లో వస్తుంది: ప్రసార, ప్రకటన హక్కుల అమ్మకం, జెర్సీ ఒప్పందం, ఫిఫా నుంచీ ఖండ సమాఖ్య నుంచీ వచ్చే నిధులు, ప్రభుత్వ సహాయం, పోటీల్లో గెలిచిన బహుమతి సొమ్ము, టికెట్లు, నమోదు రుసుములు, జరిమానాలు. దేశాన్ని బట్టి మారేది వీటి పాళ్లే. ఇంగ్లండ్ సమాఖ్యకు సొంతంగా వెంబ్లీ స్టేడియం ఉంది, ఎఫ్‌ఏ కప్ ప్రసార హక్కులు ఉన్నాయి. జర్మనీ సమాఖ్య తన జెర్సీ కోసం పెద్ద కంపెనీలు పోటీపడే స్థితిలో ఉంది. దశాబ్దాలుగా ఉన్న అడిడాస్‌ను వదిలి 2027 నుంచి 2034 వరకు నైకీతో ఒప్పందం చేసుకుంటున్నట్టు 2024లో ప్రకటించింది. మన సమాఖ్యకు సొంత స్టేడియం లేదు, జెర్సీ కోసం అంతటి పోటీ లేదు. అందువల్ల మిగతా దారులు మోయలేని బరువంతా హక్కుల ఒప్పందం మీద పడింది.

హక్కుల ఒప్పందం

రూ. 700 కోట్లను 15తో భాగిస్తే ఏటా సగటున రూ. 46.67 కోట్లు. 2010లో ఈ మొత్తాన్ని చూసి చాలామంది సంతోషించారు, అందులో తప్పేమీ లేదు. అంతకు ముందు 2006లో జీ స్పోర్ట్స్‌తో చేసుకున్న పదేళ్ల ఒప్పందం మధ్యలోనే తెగిపోయింది. జట్టు గెలిచినా ఓడినా, స్టేడియం నిండినా నిండకపోయినా వచ్చే స్థిరమైన సొమ్ము ఏ కోశాధికారికైనా ఊరటే.

అయితే ఆ సొమ్ముకు బదులుగా సమాఖ్య ఇచ్చింది తన వాణిజ్య హక్కులన్నిటినీ. మన దగ్గర వరిచేనును రొయ్యల చెరువుకు దీర్ఘకాలం లీజుకిచ్చిన రైతు పరిస్థితి ఇలాగే ఉంటుంది. రొయ్యల దిగుబడి ఎలా ఉన్నా ఏటా లీజు సొమ్ము చేతికి వస్తుంది. కానీ గడువు తీరి చేను తిరిగి చేతికొచ్చేనాటికి నేల ఉప్పుబారి ఉంటుంది, ఇంట్లో నాగలి పట్టినవాడు ఉండడు. సమాఖ్య విషయంలోనూ ప్రాయోజకుణ్ణి (స్పాన్సరును) వెతకడం, ప్రసారకర్తతో బేరమాడటం, లీగ్ ఖర్చు అంచనా వేయడం వంటి పనులు ఆ కాలమంతా బయటి సంస్థ చేతిలోనే ఉన్నాయి. ఆ నైపుణ్యం సమాఖ్య కార్యాలయంలో పెరగలేదు. బ్యాలెన్స్ షీటులో ఈ నష్టానికి పద్దు ఉండదు, కానీ నా దృష్టిలో అసలైన నష్టం ఇదే.

గడువు ముగిసే దశలో మరో చిక్కు వచ్చింది. సమాఖ్య నియమావళి కేసు సుప్రీంకోర్టులో నడుస్తున్నందువల్ల తుది తీర్పు వచ్చేదాకా ఒప్పందాన్ని పొడిగించే చర్చలు జరపరాదని కోర్టు ఆంక్ష పెట్టింది. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు రూపొందించిన ముసాయిదా నియమావళిని కోర్టు కొన్ని మార్పులతో 2025 సెప్టెంబర్‌లో ఆమోదించింది. అక్టోబర్‌లో సమాఖ్య కొత్తగా టెండరు పిలిచింది. షరతు ఏమిటంటే, గెలిచిన సంస్థ సమాఖ్యకు ఏటా కనీసం రూ. 37.5 కోట్లు లేదా స్థూల రాబడిలో 5 శాతం, ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. నవంబర్ గడువు నాటికి ఒక్క బిడ్డు కూడా పడలేదు.

ఈ షరతును కాగితం మీద లెక్కవేసి చూద్దాం. రూ. 37.5 కోట్లు 5 శాతానికి సమానం కావాలంటే స్థూల రాబడి రూ. 750 కోట్లు ఉండాలి. రాబడి అంతకంటే తక్కువైతే బిడ్డరు నిజంగా చెల్లించే వాటా 5 శాతం దాటుతుంది, రూ. 250 కోట్లు వస్తే అది 15 శాతం, రూ. 150 కోట్లే వస్తే 25 శాతం. పైగా లీగ్ నిర్వహణ ఖర్చు దీనికి అదనం. ఇక సమాఖ్య వైపు నుంచి చూస్తే, అడిగిన కనీస మొత్తం పాత ఒప్పందం సగటు కన్నా దాదాపు 20 శాతం తక్కువ, మధ్యలో పెరిగిన ధరలను లెక్కలోకి తీసుకోకుండానే. అమ్మేవాడు తగ్గించి అడిగినా కొనేవాడికి ఎక్కువగానే కనిపించింది. సరుకు విలువ ఇన్నేళ్లలో ఎంత పెరిగిందో, పెరిగిందో లేదో, ఎవరూ బయట మార్కెట్లో పరీక్షించి చూడకపోవడం వల్ల వచ్చిన పరిస్థితి ఇది. చివరకు కేంద్ర క్రీడల మంత్రి జోక్యంతో, 14 జట్లు ఒకదానితో ఒకటి ఒక్కసారే తలపడేలా కుదించిన 91 మ్యాచ్‌ల లీగ్‌ను 2026 ఫిబ్రవరి 14న మొదలుపెట్టేలా జనవరిలో ప్రకటన వెలువడింది.

పద్దుల వెనక ఎవరున్నారు

ఆడిట్‌లో రాబడిని పద్దుల వారీగా చూడటం అలవాటు. హక్కులకు ఒక పద్దు, జెర్సీకి ఒక పద్దు, ప్రసారానికి ఇంకొకటి. అలా చూస్తే సమాఖ్యకు దారులు చాలా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆ పద్దుల ఎదుట చెల్లింపుదారుల పేర్లు, వారి మాతృసంస్థల పేర్లు రాసి చూస్తే బొమ్మ మారిపోతుంది. హక్కుల ఒప్పందం రిలయన్స్ సంస్థది. 2020లో ఐఎంజీ వాటాను కూడా ఆ గ్రూపే కొనేసింది. 2023లో జాతీయ జట్టు జెర్సీ పెర్ఫార్మాక్స్‌కు వెళ్లింది, అది రిలయన్స్ రిటైల్ బ్రాండు. అదే సంవత్సరం లీగ్ ప్రసారం స్టార్ నుంచి వయాకామ్18కు మారింది, అదీ ఆ గ్రూపు సంస్థే.

ఇందులో ఆ గ్రూపును తప్పుపట్టవలసిన పని లేదు. మరెవరూ ముందుకు రాని కాలంలో వారు ఫుట్‌బాల్ మీద పెట్టుబడి పెట్టారు, ఆ మాట ఒప్పుకోవాలి. నేను ఎత్తిచూపేది సమాఖ్య వైపు లోపాన్ని. మూడు వేర్వేరు పద్దుల ఎదుట చివరికి ఒకే చెల్లింపుదారు ఉన్నప్పుడు, ఒక చోట వచ్చిన ఇబ్బంది మూడు చోట్లా ఒకేసారి కనిపిస్తుంది. దీన్ని ముందే గుర్తించి, గడువుకు మూడు నాలుగేళ్ల ముందే జెర్సీనో, మహిళల లీగ్‌నో, జూనియర్ పోటీలనో విడదీసి వేరే వారికి అమ్మే ప్రయత్నం చేసి ఉంటే బేరానికి కొంత బలం ఉండేది.

ఫిఫా, ప్రభుత్వం, పోటీల సొమ్ము

ఫిఫా తన 211 సభ్య సమాఖ్యలకు ఫార్వర్డ్ పథకం కింద నిధులు ఇస్తుంది. 2016లో మొదలైన ఈ పథకం మూడో దశలో, అంటే 2023-26 కాలానికి, ఒక్కో సమాఖ్యకు గరిష్ఠంగా 80 లక్షల డాలర్లు కేటాయించారు. అందులో 50 లక్షలు నిర్వహణ ఖర్చులకు, 30 లక్షలు ఆమోదం పొందిన ప్రాజెక్టులకు. నిర్వహణ భాగం ఏడాదికి 12.5 లక్షల డాలర్లు. డాలరుకు 85 రూపాయల లెక్కన సుమారు రూ. 10.6 కోట్లు. ఫిజీకీ ఇండియాకూ ఈ గరిష్ఠ పరిమితి ఒకటే. చిన్న దేశానికి అది ప్రాణాధారం. 140 కోట్ల జనాభా ఉన్న దేశంలో జిల్లాలకు చేరేసరికి అది పలచబడిపోతుంది.

ఈ నిధికి షరతులు ఉంటాయి. ఖాతాలు ఆడిట్ కావాలి, ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికే ఖర్చుపెట్టాలి, సమాఖ్య పాలనలో బయటి జోక్యం ఉండకూడదు. ఆ చివరి షరతు ఎంత బరువైనదో 2022 ఆగస్టులో తెలిసింది. సుప్రీంకోర్టు నియమించిన పాలకుల కమిటీ చేతిలో సమాఖ్య ఉన్నప్పుడు ఫిఫా దాన్ని సస్పెండ్ చేసింది. రెండు వారాలు తిరగకముందే సస్పెన్షన్ ఎత్తేసినా, ఆ కొద్ది రోజుల్లోనే అక్టోబర్‌లో మన దేశంలో జరగవలసిన అండర్-17 మహిళల ప్రపంచ కప్ చేజారే ప్రమాదం వచ్చింది. పాలన సరిగా లేకపోతే రాబడి ఎలా ఆగుతుందో చెప్పడానికి నా జూనియర్లకు నేను ఇచ్చే ఉదాహరణ ఇది.

ప్రభుత్వ సహాయం వార్షిక శిక్షణ, పోటీల క్యాలెండరు ఆధారంగా వస్తుంది, ఫలితాలను బట్టి పెరుగుతుంది, తరుగుతుంది. 2022కు ముందు నాలుగేళ్లలో ఫుట్‌బాల్‌కు ఈ పద్దు కింద సుమారు 85 శాతం కోత పడిందని వార్తలు వచ్చాయి. పతకం రాని ఆటకు నిధి తగ్గడం, నిధి తగ్గిన ఆటకు పతకం రాకపోవడం ఒకదాన్నొకటి పెంచుకునే విషయాలు. రాష్ట్రాల్లో ఒడిశా దీనికి భిన్నంగా పెద్ద అండగా నిలిచింది. 2023 నవంబర్‌లో ఫిఫా సహకారంతో భువనేశ్వర్‌లో ప్రతిభా అకాడమీ మొదలైంది.

పోటీల సొమ్ము సంగతి ఇంకా స్పష్టం. 2022 ప్రపంచ కప్‌లో గ్రూపు దశలోనే ఇంటిముఖం పట్టిన జట్టు సమాఖ్యకు కూడా 90 లక్షల డాలర్లు దక్కాయి, సన్నాహక ఖర్చుల కింద మరో 15 లక్షలు. మనం 1950లో అర్హత దక్కినా వెళ్లలేదు, ఆ తర్వాత అర్హతే రాలేదు. 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్‌లో పాల్గొన్నందుకు ప్రతి జట్టుకూ వచ్చినది 2 లక్షల డాలర్లు. అదే ఏడాది జూన్‌లో ప్రధాన కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ను తొలగించిన తర్వాత వివాద పరిష్కారం కింద సమాఖ్య చెల్లించినట్టు వెల్లడైన మొత్తం 4 లక్షల డాలర్లు. ఖండంలోనే పెద్ద పోటీకి అర్హత పొంది తెచ్చుకున్న సొమ్ముకు రెట్టింపు, ఒక ఉద్యోగ ఒప్పందంలో తొలగింపు షరతు సరిగా రాసుకోకపోవడం వల్ల పోయింది. రాబడి పెంచడం గురించి ఎన్ని సదస్సులైనా పెట్టవచ్చు. ఒప్పందం సంతకం కాకముందు దాన్ని శ్రద్ధగా చదివే మనిషిని పెట్టుకోవడం వాటన్నిటికన్నా చౌక.

డెల్టా సంఘం ఖాతా

సంఘం నగదు పుస్తకాన్ని తెరిస్తే ఏడాది రాబడిలో అత్యధిక భాగం జనవరి పేజీలోనే ఉంది. సంక్రాంతి టోర్నమెంటు అప్పుడే జరుగుతుంది. ఆ పేజీలో ముఖ్యమైన పద్దులు నాలుగు: జెర్సీలకు రొయ్యల మేత డీలరు, విజేతల బహుమతికి హేచరీ యజమాని, ఆటగాళ్ల భోజనాలకు ఐస్ ఫ్యాక్టరీ యజమాని, షామియానా, మైకులకు ప్రాసెసింగ్ ప్లాంటుకు సరుకు తోలే కాంట్రాక్టరు. నాలుగు రశీదులు, నాలుగు సంతకాలు. "ఒకరు మానేసినా ముగ్గురు ఉంటారండి" అని కోశాధికారిగారి ధీమా. నేను పెన్సిలుతో నాలుగు పద్దుల పక్కనా 'రొయ్య' అని రాసి పుస్తకం వారి ముందుకు తిప్పాను. 2025 ఆగస్టులో అమెరికా మన ఎగుమతుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య ధర పడిపోయింది. ఆ సంక్రాంతికి ఎవరూ ముఖం చాటేయలేదు గానీ, నలుగురూ ఒకేసారి చెయ్యి బిగించారు. జాతీయ సమాఖ్య ఖాతాలో చూసినదే ఇక్కడ చిన్న అంకెల్లో కనిపించింది.

రెండో విషయం పుస్తకంలో లేనిది. ట్రోఫీలు, బంతులు, మంచినీళ్లు వంటివి దాతలు నేరుగా కొని పంపేవారు, వాటిని ఎక్కడా రాయలేదు. కాబట్టి టోర్నమెంటు నిజంగా ఎంత ఖర్చుతో జరుగుతుందో సంఘానికే తెలియదు. దాత తప్పుకున్న రోజున ఆ ఖర్చు మొదటిసారి కోశాధికారి చేతిలో పడుతుంది. వస్తురూపంలో వచ్చిన ప్రతిదానికీ మార్కెట్ ధర కట్టి రాబడి వైపూ ఖర్చు వైపూ రాయాలని చెప్పాను. కార్యవర్గంలో పెద్దవారొకరు "దాత ఇచ్చిన కప్పుకు ధర కడితే బాగుండదు బాబూ" అని నొచ్చుకున్నారు. ఆ మర్యాద నాకు అర్థమైంది. అందుకే ధర దాతకిచ్చే రశీదు మీద కనిపించకుండా పుస్తకంలో మాత్రమే రాసేలా ఏర్పాటు చేశాం.

మూడోది, సమాఖ్యకు అనుబంధ సంఘంగా ఉండటం విలువ. జాతీయ సమాఖ్య గానీ దాని అనుబంధ సంఘాలు గానీ నిర్వహించే పోటీల్లో జట్లు జిల్లాకో, రాష్ట్రానికో, జోన్‌కో, దేశానికో ప్రాతినిధ్యం వహిస్తే, ఆ పోటీకి వచ్చే ప్రాయోజక సొమ్ముపై జీఎస్టీ మినహాయింపు ఉంది. ఊరి పేర్లతో ఆడే సంక్రాంతి టోర్నమెంటుకు ఈ మినహాయింపు వర్తించదు. కాబట్టి పెద్ద ప్రాయోజకుడు దొరికితే ఆ సొమ్మును అంతర్ జిల్లా పోటీకి మళ్లించడం మేలు. 2022లో పాత ఉభయ గోదావరి జిల్లాలు విడిపోయిన తర్వాత జిల్లా జట్ల సంఖ్య పెరిగింది గనుక అలాంటి పోటీ పెట్టడం ఇప్పుడు కష్టమూ కాదు. అనుబంధ రుసుము సకాలంలో కట్టకపోవడం వల్ల పోయేది రుసుము అంత చిన్న మొత్తం కాదని కార్యవర్గానికి లెక్కతో చూపించాను.

కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధుల మీద ఈ ప్రాంతంలో ఆశ ఎక్కువ. చమురు, ఎరువుల సంస్థలు దగ్గరలోనే ఉన్నాయి. గ్రామీణ క్రీడల, ఒలింపిక్ క్రీడల శిక్షణ 2013 కంపెనీల చట్టం ఏడో షెడ్యూల్లో, అంటే ఆ నిధులు వెచ్చించదగిన పనుల జాబితాలో, ఉన్నమాట నిజమే. కానీ కంపెనీ తన ప్రచారం కోసం ఇచ్చే ప్రాయోజక సొమ్ము ఆ నిధి కిందికి రాదు. బ్యానరు కట్టి అడిగితే ఒక విభాగం, పిల్లల శిక్షణకు అడిగితే ఇంకో విభాగం అన్నమాట. రెండోదానికి సంఘానికి 12ఏ (సంఘం రాబడికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) గుర్తింపులు, సీఎస్‌ఆర్-1 (ఈ నిధులు అందుకునే సంస్థల) నమోదు, కనీసం మూడేళ్ల పని అనుభవం కావాలి.

గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ ఉన్న పాత ఆటగాళ్ల విరాళాల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. కువైట్‌లో పనిచేస్తున్న మన ఊరి కుర్రాడు భారత పౌరుడే గనుక తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే సొమ్ము విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న అన్నయ్య పంపితే, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే) కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా తీసుకోకూడదు. ఒకే ఇంటి నుంచి వచ్చిన రెండు మొత్తాలకు రెండు రకాల చట్టం వర్తిస్తుందని కార్యదర్శిగారికి నమ్మకం కలిగించడానికి కొంత సమయం పట్టింది.

పిల్లల నమోదు గురించి కూడా చెప్పాలి. కాంట్రాక్టులో ఉన్న ఆటగాడు విదేశీ క్లబ్బుకు బదిలీ అయినప్పుడు చెల్లించే మొత్తంలో 5 శాతం, అతణ్ణి 12 నుంచి 23 ఏళ్ల మధ్య తీర్చిదిద్దిన క్లబ్బులకు పంచాలన్నది ఫిఫా నిబంధన. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఒక్కో సీజన్‌కు 0.25 శాతం, ఆ తర్వాత 0.5 శాతం. డెల్టాలోని ఒక క్లబ్బులో 12 నుంచి 15 ఏళ్ల వరకు నాలుగు సీజన్లు ఆడిన పిల్లవాడు ఎప్పుడో కోటి రూపాయలకు బదిలీ అయితే ఆ క్లబ్బుకు లక్ష రూపాయలు రావాలి. రావాలంటే ఆ నాలుగు సీజన్లూ పిల్లవాడి పేరు సమాఖ్య రిజిస్ట్రేషన్ వ్యవస్థలో ఆ క్లబ్బు కింద ఉండి తీరాలి. బడ్జెట్‌లో దీని కింద ఒక్క రూపాయి కూడా చూపించలేదు, చూపించకూడదు కూడా. కానీ నమోదు చేయకుండా వదిలేయడానికి కారణమేమీ లేదు.

కార్యవర్గం ఆమోదించిన ప్రణాళికలో రెండు నియమాలు నాకు ముఖ్యమైనవి. రాష్ట్ర పోటీలకు జట్ల ప్రయాణం, నమోదు రుసుములు, రిఫరీల చెల్లింపు అనే మూడు ఖర్చులకు ఒక పూర్తి సీజన్‌కు సరిపడా మొత్తం వేరే బ్యాంకు ఖాతాలో ఉండాలి, టోర్నమెంటు బహుమతి సొమ్ము పెంచడానికి దాన్ని ముట్టుకోకూడదు. ఒకే రంగం నుంచి వచ్చే విరాళాలు ఏడాది రాబడిలో సగం దాటితే, దాటిన భాగం నేరుగా ఆ ఖాతాలోకే వెళ్లాలి. రొయ్యకు ధర బాగున్న సంవత్సరాల్లోనే ఆ నిల్వ ఏర్పడాలి. ధర పడిన ఏడాది దాచుకోవడానికి ఏమీ మిగలదు.

వానల్లో నీరు నిలిచే మైదానంలో జూలై నుంచి నవంబర్ దాకా ఆట సాగదు కనుక, ఆ నెలల్లో కాగితాల పని పూర్తిచేయాలని నిర్ణయించారు. 12ఏ దరఖాస్తు ముందు వెళ్తుంది, అది రాగానే 80జీ, ఆపై సీఎస్‌ఆర్-1. దాళ్వా (రబీ) ధాన్యం అమ్మకాలు అయ్యాక రైస్ మిల్లర్లను, ఎరువుల దుకాణదారులను, కొబ్బరి వ్యాపారులను విడివిడిగా కలిసి, ఒక్కొక్కరికి ఒక్కో వయసు జట్టు ఏడాది ఖర్చును అప్పగించే ప్రతిపాదన వారి ముందు పెట్టే బాధ్యత ఉపాధ్యక్షులు తీసుకున్నారు.